కౌన్సెలింగ్‌కి మొదటిసారి వెళ్తున్నారా? ముందు ఇవి చేసుకోండి

"ఊరికే మాట్లాడటమేగా మేడమ్, దానికి అంతదూరం రావాలా?"

ఒంగోలులో నేను కౌన్సెలింగ్ చేసే గదికి ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. కనిగిరి నుంచి చేసినా, పామూరు నుంచి చేసినా, కావలి నుంచి చేసినా ఇదే. తర్వాత ఎన్నిసార్లు రావాలి అంటారు. చివర్లో గొంతు తగ్గించి, "ఎవరికీ తెలియదు కదా?" అంటారు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఈసారి ఒక వరుసలో రాస్తున్నాను. మీకోసం చదువుకున్నా, ఇంట్లో మనిషి కోసం చదివినా పనికొస్తుంది.

ముందే ఒక్క మాట. గదిలో మనం కూర్చునేది వారానికి 45 నుంచి 50 నిమిషాలు. మిగతా వారమంతా మీరు మీ ఇంట్లోనో, పొలంలోనో, హాస్టల్లోనో ఉంటారు. మనసు బాగుపడేది అక్కడే. గదిలో జరిగేది ఆ వారానికి పని నిర్ణయించుకోవడం, పోయిన వారం పని ఎలా సాగిందో చూసుకోవడం. చెప్పుకోవడానికి మాత్రమే వచ్చినవాళ్లు రెండు మూడుసార్లు తేలికపడతారు. తర్వాత "ఏం లాభం లేదు" అని మానేస్తారు. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆగకూడని పరిస్థితులు

కింద చెప్పే పద్ధతి దిగులు, టెన్షన్, భయం, నిద్ర పట్టకపోవడం, చదువు ఒత్తిడి, ఇంటి గొడవలతో కుంగిపోవడం లాంటివాటికి. ఈ నాలుగింట్లో ఏది కనిపించినా కౌన్సెలింగ్ అపాయింట్‌మెంట్ కోసం వారం ఆగకండి.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే వెంటనే 14416కి ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ. రాత్రయినా పగలయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పటికే ఏదైనా తాగేసినా, మింగేసినా 108.

ఎవరూ లేకుండానే చెవిలో మాటలు వినిపిస్తున్నాయన్నా, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారని గట్టిగా నమ్ముతున్నా నేరుగా సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాలి. రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలసట లేకుండా, విపరీతంగా మాట్లాడుతూ, డబ్బు ఎడాపెడా ఖర్చు పెడుతున్నా అంతే.

నాలుగోది చాలామందికి తెలియదు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే మొదటి మూడు నాలుగు రోజుల్లో చేతుల వణుకు, ఫిట్స్, మతి తప్పడం రావచ్చు. ప్రాణానికే ప్రమాదం. గుడిలో ఒట్టు వేయించి ఇంట్లో కూర్చోబెట్టకండి. మాన్పించాల్సిందే, కానీ డాక్టర్ చేతుల మీదుగా.

పురుగుమందు గురించి విడిగా చెప్పాలి. పొగాకు, మిర్చి, పత్తి వేసే ఇళ్లలో డబ్బా వసారా మూలనో, మంచం కిందో ఉంటుంది. ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉంటే ముందు ఆ డబ్బా అక్కడినుంచి తీసేయండి. బంధువుల ఇంట్లో పెట్టండి, లేదా తాళం వేసి తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంచండి. చావాలన్న తీవ్రత చాలామందిలో కొద్దిసేపే ఉండి తగ్గుతుంది. ఆ కాసేపూ చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి కూడా భయపడకండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అడిగేవాళ్లు దొరికారని ఊపిరి పీల్చుకునేవాళ్లే ఎక్కువ.

ఇంకో భయం పోలీసు కేసు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగానే చూడాలి. కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయకండి.

కావాల్సినవి

- ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాసుకోవచ్చు గానీ, కాగితం మీద రాసినవాళ్లు ఎక్కువ రోజులు కొనసాగించడం చూశాను.
- ఇప్పుడు వాడుతున్న మాత్రల చీటీలన్నీ, బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలతో సహా.
- ఏడాదిలోపు చేయించిన పరీక్షల రిపోర్టులు.
- కనీసం ఆరు వారాలు, వారానికి ఒక పూట.
- అవసరమైతే తోడుగా ఒక మనిషి. ఆ మనిషి బయట కూర్చోవడానికి ఒప్పుకోవాలి.

హాస్టల్లో ఉండే పిల్లలకు నోట్‌బుక్ ఎవరైనా చదువుతారన్న భయం ఉంటుంది. ఐదో అంచెలో చెప్పే మనసు అంకెలు మాత్రమే, లెక్కల నోట్సు చివరి పేజీలో వేసుకోండి. మాటలు రాయకపోయినా ఫర్వాలేదు.

1. ముందు ఒంటి సంగతి తేల్చుకోండి

మన దగ్గర మనసు బాలేదని వచ్చేవాళ్లు తక్కువ. గుండె దడ, గ్యాస్, తలపోటు, ఒళ్లు మంటలు, నీరసం అంటూ వస్తారు. మూడుచోట్ల ఈసీజీ తీయించుకుని, మూడుచోట్లా "ఏమీ లేదు, టెన్షన్" అనిపించుకుని వస్తారు. ఏమీ లేదన్న మాట వాళ్లను ఎంత బాధపెడుతుందో నాకు తెలుసు. దడ నిజం, నొప్పి నిజం. అవి ఎక్కడినుంచి వస్తున్నాయన్నదే ప్రశ్న.

థైరాయిడ్, రక్తంలో హిమోగ్లోబిన్, షుగర్, బి12 ఒకసారి చూపించుకోండి. థైరాయిడ్ తగ్గితే దిగులులాగా, పెరిగితే టెన్షన్ లాగా కనిపిస్తుంది. ఛాతీనొప్పి కొత్తగా వచ్చినా, ఎడమ చేతికి, దవడకు పాకినా ముందు గుండె డాక్టరే. అయితే అన్నీ ఒకసారి బాగున్నాయని వచ్చాక మళ్లీ మళ్లీ చేయించకండి. ప్రతి పరీక్షా రెండు రోజులు నెమ్మదినిచ్చి, మూడో రోజు భయాన్ని ఇంకాస్త పెంచి వదులుతుంది.

2. ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకోండి

సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టర్. మాత్రలు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేస్తారు, పరీక్షలు చేస్తారు, మాత్రలు రాయరు. వీరికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అడగండి, అడిగితే తప్పుగా అనుకోరు. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం రకరకాల చదువులవాళ్లు పెట్టుకుంటారు. ఏం చదివారు, ఎక్కడ శిక్షణ పొందారు అని తెలుసుకున్నాకే వెళ్లండి.

ఖర్చు పెట్టలేకపోతే నెల్లూరు దర్గామిట్టలోని పెద్దాసుపత్రిలో, ఒంగోలు రిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. ఓపీ చీటీ పొద్దున్నే తీసుకోవాలి. రద్దీ వల్ల ఎక్కువసేపు మాట్లాడటం కుదరకపోవచ్చు. అందుకే మూడో అంచెలో చెప్పే కాగితం అక్కడ మరింత పనికొస్తుంది. ఉదయగిరి, పామూరు లాంటి దూరపు ఊళ్లవాళ్లు ఫోన్‌లోనో వీడియో కాల్‌లోనో సిట్టింగ్ పెట్టుకోవచ్చు. ఇంట్లో చాటు లేకపోతే పొలం దగ్గర చెట్టు కింద కూర్చుని మాట్లాడేవాళ్లున్నారు. ఏ ఇబ్బందీ లేదు, సిగ్నల్ ఉంటే చాలు.

"మూడు సిట్టింగుల్లో పూర్తిగా నయం" అని హామీ ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. మిమ్మల్ని చూడకముందే ప్యాకేజీ డబ్బులు మొత్తం కట్టమనేవాళ్లు, డాక్టర్ రాసిన మాత్రలు ఆపేయమనే కౌన్సెలర్లు కూడా వద్దు.

మొక్కులు, దర్గా తాయెత్తు, గుడి చుట్టూ ప్రదక్షిణలు మానమని నేను ఎప్పుడూ చెప్పను. అవి మనిషికి బలమిస్తాయి. వాటికోసం చికిత్స ఆపకండి, అంతే. కట్టేయడం, కొట్టడం, పస్తులుంచడం జరిగేచోటు నుంచి మాత్రం వెంటనే తీసుకొచ్చేయండి.

3. వెళ్లేముందు ఒక్క పేజీ రాయండి

మొదటి సిట్టింగ్‌లో సగం సమయం "ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు" అన్న దగ్గరే పోతుంది. ముందురోజు రాత్రి మూడింటికి జవాబులు రాసుకోండి: ఎప్పుడు మొదలైంది, దీనివల్ల ఏ పని మానేశారు, నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం చేశారు.

మధ్య ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. "మనసేం బాలేదు" అని రాస్తే మీకూ నాకూ పట్టు దొరకదు. "సంక్రాంతి తర్వాత నుంచి గడ్డం గీసుకోవడం బుద్ధి పుట్టడం లేదు, టీ కొట్టుకు పోవడం మానేశాను, తమ్ముడి ఫోన్ ఎత్తడం లేదు" అని రాస్తే సగం దారి తెలిసినట్టే. రాయడం రానివాళ్లు ఫోన్‌లో రికార్డు చేసుకుని వినిపించండి. ఇంట్లో పిల్లల చేత రాయించకండి. వాళ్లు రాస్తున్నారంటే మీరు సగం దాస్తారు.

4. మొదటి సిట్టింగ్‌లో

లోపలికి వెళ్లగానే అడగాల్సింది ఇది: "నేను చెప్పింది ఎవరికి చెప్తారు?" పైన చెప్పిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే మీ వివరాలు గోప్యంగా ఉంచాలని చెబుతోంది. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో అపాయం ఉందనిపిస్తే, పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే మేం చెప్పి తీరాలి. ఈ సంగతి మొదటిరోజే మీకు వివరించని మనిషి దగ్గర జాగ్రత్తగా ఉండండి.

లోపల ఎవరు కూర్చోవాలన్నది మీ ఇష్టం. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్తాను. కొత్తలో ఇంటర్ చదివే ఒక అమ్మాయిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. "నేనూ ఉంటాను, దానికి చెప్పడం రాదు" అంటే కాదనలేకపోయాను. నాలుగు వారాలు అమ్మే మాట్లాడింది. ఐదోసారి పిల్ల ఒక్కతే వచ్చి, పది నిమిషాల్లో అసలు విషయం చెప్పింది. ఆ నాలుగు వారాలూ నా చేతకానితనం వల్ల ఆ పిల్లకు పోయాయి. అప్పటినుంచి ఇంటివాళ్లను మొదటి పది నిమిషాలు, చివరి ఐదు నిమిషాలు మాత్రమే లోపల ఉండనిస్తున్నాను. మీ థెరపిస్టు అలా చేయకపోతే మీరే అడగండి. తల్లిదండ్రులకు నా మనవి: బయట కూర్చోవడం కూడా సాయమే.

ఆ తర్వాత గమ్యం. "ఏం కావాలి?" అంటే "ప్రశాంతత" అంటారు. దాన్ని కొలవలేం. నెల్లూరు వైపు వాళ్లను నేను రొట్టెల పండగతో అడుగుతాను. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో కోరిక ఉన్నవాళ్లు రొట్టె పట్టుకుంటారు, తీరినవాళ్లు మరుసటి ఏడాది వచ్చి రొట్టె వదులుతారు. "ఆరోగ్య రొట్టె పట్టుకున్నారనుకోండి. వచ్చే ఏడాది రొట్టె వదలడానికి వచ్చారు. ఏం మారితే వచ్చినట్టు? ఆరోజు పొద్దున ఎన్నింటికి లేచారు, ఎవరితో వచ్చారు, దారిలో ఏం మాట్లాడారు?" అప్పుడు జవాబులు వస్తాయి. "నా కూతుర్ని నేనే బండి మీద తీసుకొస్తాను" అంది ఒకామె. బండి నడపడం మానేసి రెండేళ్లయిందని నాకు అప్పుడే తెలిసింది. మా గమ్యం అదే అయింది.

ఏడ్చేస్తారేమోనని భయపడకండి. మొదటిరోజే అన్నీ చెప్పేయాలనీ లేదు. చెప్పలేనిది ఉంటే "ఒకటుంది, ఇప్పుడు చెప్పలేను" అంటే చాలు.

5. దిగులుకు: పని ముందు, మనసు వెనక

దిగులు పడ్డ మనిషి అనుకునేది ఒకటే: మనసు బాగుపడ్డాక పని చేస్తాను. అసలు వరుస దీనికి తిరగబడి ఉంటుంది. పని మానేసేకొద్దీ దిగులు పెరుగుతుంది. చిన్న పని మళ్లీ మొదలుపెడితే మనసు దాని వెనక మెల్లగా వస్తుంది.

మొదటి వారం ఏమీ మార్చకండి. నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి: సమయం, చేసిన పని, మనసు అంకె. 0 అంటే మరీ ఘోరం, 10 అంటే హాయి. రోజుకు నాలుగుసార్లు రాస్తే చాలు.

కొండపి వైపు నుంచి వచ్చిన ఒక పొగాకు రైతు సంగతి చెప్తాను (ఇద్దరు ముగ్గురి అనుభవాలు కలిపి, ఆనవాళ్లు మార్చాను). పొగాకు బేళ్లు వేలంలో నోబిడ్ అయి (కొనేవాళ్లు ఎవరూ పాడక) వెనక్కి వచ్చాక మనిషి మంచం దిగలేదు. తొమ్మిదింటిదాకా పడక, తర్వాత అరుగు. "రోజంతా ఒకటేనమ్మా, తేడా ఏం లేదు" అన్నాడు. రాసుకుని వస్తే తేడా ఉంది. అరుగు మీద ఒక్కడే కూర్చున్నప్పుడు 1. గేదెకు కుడితి పెట్టేటప్పుడు 3. రెండు అంకెలే, కానీ వారమంతా ప్రతిసారీ అదే తేడా. కాగితం చూసి ఆయనే ఆశ్చర్యపోయాడు.

రెండో వారం ఒకే పని పెట్టుకున్నాం: ఆరున్నరకు లేచి గేదెను ఆయనే తోలుకెళ్లి కడగడం. మనసున్నా లేకపోయినా. మూడో వారం పాలు ఆయనే పాలకేంద్రానికి తీసుకెళ్లడం. అక్కడ నలుగురు మనుషులుంటారు, ఇద్దరైనా పలకరిస్తారు. మీకు గేదె లేకపోవచ్చు. మొక్కలకు నీళ్లు పోయడం, ముగ్గు వేయడం, పిల్లను బడిలో దించడం, ఏదైనా సరే. మీ అంకెలు ఎక్కడ కాస్త లేచాయో అక్కడినుంచే ఎంచుకోండి.

ఎక్కువమంది చేసే తప్పులు:

పని పెద్దది పెట్టుకోవడం. "రోజూ గంట వాకింగ్" అంటారు, రెండో రోజుకు ఆగిపోతుంది, "నావల్ల కాదు" అన్న మాట గట్టిపడుతుంది. పది నిమిషాలతో మొదలుపెట్టండి. అదీ కష్టమైతే చెప్పులు వేసుకుని గేటుదాకా.

వేళ పెట్టుకోకపోవడం. "వీలున్నప్పుడు" అంటే ఎప్పుడూ వీలుండదు. ఆరున్నర అని రాయండి.

చేయని రోజు రాయడం మానేయడం. చేయని రోజే ఎక్కువ చెబుతుంది. ఏం అడ్డొచ్చిందో రాసుకొస్తే వచ్చే వారం పనిని దాన్నిబట్టి మారుస్తాం.

6. భయానికి: మెట్లు కట్టుకోండి

నెల్లూరులో ఒకామె కావలి వెళ్లే బస్సులో ఒకరోజు ఊపిరాడక, చెమటలు పట్టి, గుండె ఆగిపోతుందనిపించి మధ్యలోనే దిగేసింది. పరీక్షలన్నీ బాగున్నాయి. అయినా బస్సు ఎక్కడం మానేసింది. తర్వాత ఆటో, తర్వాత బజారు. భయం అలాగే ఇంటిదాకా పాకుతుంది. తప్పించుకున్న ప్రతిసారీ దానికి బలం వస్తుంది.

వీడియో కాల్‌లో ఆమెతో కలిసి రాసిన మెట్లు ఇవి. పక్కనున్న అంకె భయం. ఇక్కడ 10 అంటే భరించలేనంత.

- నెల్లూరు ఆర్టీసీ బస్టాండులో పావుగంట నిలబడటం: 3
- ఆగి ఉన్న బస్సెక్కి కూర్చుని దిగడం: 4
- భర్తతో పెన్న దాటి కోవూరు దాకా: 5
- కోవూరుకు ఒంటరిగా: 7
- కావలికి ఒంటరిగా: 8
- సాయంత్రం రద్దీలో కావలి నుంచి తిరిగి రావడం: 9

ఒక మెట్టు మీద భయం సగానికి తగ్గేదాకా అక్కడే ఉండాలి. భయం తారస్థాయిలో ఉన్నప్పుడు దిగిపోతే, "దిగాను కాబట్టి బతికాను" అని మనసు నేర్చుకుంటుంది. బస్సులో ఆమెకు వచ్చినలాంటి ఈ భయం దాడులు (ప్యానిక్ అటాక్‌లు) సాధారణంగా పది నిమిషాల్లోనే తారస్థాయికి చేరి తగ్గుముఖం పడతాయి. అదే మెట్టును మూడు నాలుగుసార్లు చేసి, మామూలైపోయాకే పైకి. ఆమె కోవూరు దగ్గర రెండు వారాలు ఆగింది. ఏం ఫర్వాలేదు.

బస్సెక్కేముందు ఐదు నిమిషాలు శ్వాస: నాలుగు లెక్కపెడుతూ పీల్చండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. వదిలేది ఎక్కువసేపు ఉండాలి, కిటుకంతా అందులోనే ఉంది. గబగబా గట్టిగా పీలిస్తే తల తిరిగి భయం ఇంకా పెరుగుతుంది.

గమనించాల్సిన తప్పు: చేతిలో మాత్ర పట్టుకుని, ఫోన్‌లో భర్తతో మాట్లాడుతూ దారంతా పోవడం. మొదటి ఒకటి రెండుసార్లు సరే. తర్వాత వాటినీ వదలాలి, లేకపోతే ధైర్యం మాత్రదే అవుతుంది, మీది కాదు.

హెచ్చరిక: గుండె జబ్బు, ఆస్తమా, ఫిట్స్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే ఇది చేయాలి. ప్రమాదం, అత్యాచారం, కళ్లముందు చావు లాంటి ఘటన వల్ల వచ్చిన భయానికి ఈ మెట్లు సొంతంగా వేసుకోకండి. దానికి పద్ధతి వేరు, శిక్షణ ఉన్న మనిషి పక్కన ఉండాలి.

7. ఆలోచనల సంగతి

మనసులో తిరిగే మాటను కాగితం మీద పెట్టండి. కింద రెండు వరుసలు: ఇది నిజమనడానికి ఏముంది, కాదనడానికి ఏముంది. నెల్లూరు హాస్టల్లో ఉన్న ఒక అబ్బాయి "మా నాయన డబ్బంతా తగలేశాను" అని రాశాడు. కాదనే వరుస రెండు రోజులు ఖాళీగా ఉంది. మూడో రోజు "వారం పరీక్షలో కెమిస్ట్రీ పోయింది, మిగతావి పాస్" అని రాసుకున్నాడు. ఆ ఒక్క వాక్యం చాలు. "అంతా బాగానే ఉంది" అని బలవంతంగా రాసుకోవడం పనిచేయదు, మనసు నమ్మదు.

అప్పు విషయంలో మాత్రం నేను ఈ పద్ధతి వాడను. ఆక్వా చెరువులో రొయ్య చచ్చిపోయి లక్షల్లో మునిగిన మనిషికి "మీ ఆలోచన మార్చుకోండి" అనడం అన్యాయం. అప్పు నిజం. దానికి చేసేది వేరు: ఎవరికి ఎంత, వడ్డీ ఎంత, ఎవరు ముందు అడుగుతున్నారు, ఏది బ్యాంకుది, ఏది చేబదులు, అన్నీ ఒక కాగితం మీద రాయడం. ఇంట్లో కనీసం ఒక్కరికి మొత్తం అంకె చెప్పడం. చాలామంది భార్యకు సగమే చెబుతారు, మిగతా సగమే రాత్రుళ్లు నిద్ర లేపుతుంది. అంకె బయటికి వచ్చిన రాత్రి ఇంట్లో గొడవ జరగొచ్చు. అందుకే ముందు సిట్టింగ్‌లో ఎలా చెప్పాలో అనుకుని, వీలైతే ఆ మాట గదిలోనే చెప్పిస్తాను.

8. మాత్రలు రాస్తే

వాడండి. దిగులు తగ్గించే మాత్రలు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి వారంలో వికారం, తలనొప్పి వస్తే డాక్టర్‌కు చెప్పండి. పాతికేళ్లలోపు వాళ్లలో మొదటి వారాల్లో చావు ఆలోచనలు పెరుగుతున్నాయేమో ఇంటివాళ్లు కనిపెట్టి ఉండాలి. బాగుందని మీ అంతట మీరు ఆపేస్తే తల తిరగడం, చిరాకు రావచ్చు, పాత దిగులు వెనక్కి రావచ్చు. నిద్రమాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి వాడటం మాత్రం వద్దే వద్దు. అలవాటు పడిపోతారు.

9. పనిచేస్తోందో లేదో ఇలా చూసుకోండి

"కాస్త బాగున్నట్టే ఉంది" అన్నది లెక్కలోకి రాదు. దిగులుకు పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల కాగితం ఉంది. గత రెండు వారాల్లో ఒక్కో బాధ ఎన్ని రోజులుందో చూసి 0 నుంచి 3 వేస్తారు. మొత్తం 27. పది, ఆపైన వస్తే పట్టించుకోవాల్సిన దిగులు. మొదటిరోజు, తర్వాత ప్రతి రెండు వారాలకు వేయించమని మీ థెరపిస్టును అడగండి. ఐదు, అంతకన్నా ఎక్కువ తగ్గితే మార్పు నిజమైనదే. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. మొత్తం ఎంత తక్కువ వచ్చినా, ఆ ఒక్క ప్రశ్నకు సున్నా కాకపోతే దాన్ని అక్కడే మాట్లాడాలి.

కాగితం కన్నా నేను ఎక్కువ నమ్మేవి ఇంటి గుర్తులు. మానేసిన పనుల జాబితాలో ఎన్ని తిరిగి వచ్చాయి? తమ్ముడి ఫోన్ ఎత్తారా? చేపల పులుసు రుచి తెలిసిందా? ఇంట్లోవాళ్లను కూడా అడగండి. మీకన్నా ముందు వాళ్లకే తెలుస్తుంది.

నాలుగు నుంచి ఆరు సిట్టింగులైనా అంకె కదలకపోతే నోరు విప్పి చెప్పండి: "మేడమ్, నాకు తేడా తెలియడం లేదు." మంచి థెరపిస్టు నొచ్చుకోరు. పద్ధతి మారుస్తారు, మాత్రల అవసరం ఉందేమో చూడమంటారు, లేదా ఇంకొకరి దగ్గరికి పంపుతారు. చెప్పకుండా మానేయడమే అన్నిటికన్నా నష్టం. మొత్తం మీద 6 నుంచి 20 సిట్టింగుల దాకా పట్టొచ్చు. మధ్యలో ఒక వారం వెనక్కి జారడం మామూలే. రెండు వారాలు వరుసగా జారితే ముందే ఫోన్ చేయండి.

ఇంట్లోవాళ్లకు

"నీకేం తక్కువ?", "ధైర్యంగా ఉండు", "మేం ఇంతకన్నా కష్టాలు పడలేదా?" ఈ మూడు మాటలూ ప్రేమతోనే అంటారు. వినేవాళ్లకు మాత్రం "నీ బాధ అబద్ధం" అని వినిపిస్తాయి. వాటి బదులు "ఇయ్యాల ఎట్టా ఉందిరా అబ్బయ్యా?" అని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. సలహా ఇవ్వకండి. పక్కన కూర్చోండి. వాళ్లు పెట్టుకున్న చిన్న పనికి తోడు వెళ్లండి, వాళ్ల బదులు మీరు చేయకండి. సిట్టింగ్ అయ్యాక "ఏం చెప్పావ్ లోపల?" అని గుచ్చి గుచ్చి అడగకండి. బంధువులకు చెప్పాలా వద్దా అన్నది కూడా ఆ మనిషి ఇష్టమే.

10. ఆపేటప్పుడు

బాగైపోయిందని ఒక్కసారిగా మానకండి. వారం నుంచి రెండు వారాలకు, తర్వాత నెలకు దూరం చేసుకుంటూ వెళ్లండి. చివరి సిట్టింగ్‌లో ఒక కాగితం తయారుచేసుకోండి. మీకు దిగులు మళ్లీ వచ్చేటప్పుడు మొట్టమొదట ఏం మారుతుందో మూడు గుర్తులు రాయండి. ఒకరికి స్నానం వాయిదా పడుతుంది, ఒకరు ఫోన్ సైలెంట్‌లో పెడతారు, ఇంకొకరికి తెల్లారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. ఆ గుర్తుల కింద, అవి కనిపించిన రోజే మొదలుపెట్టాల్సిన ఒక్క పని. దాని కింద ఫోన్ చేయాల్సిన మనిషి పేరు, మీ థెరపిస్టు నంబరు, 14416.

గేదెను కడగడంతో మొదలుపెట్టిన ఆ రైతు తన కాగితాన్ని రెండు కాపీలు తీయించాడు. ఒకటి భార్యకు ఇచ్చాడు, ఇంకొకటి పాసు పుస్తకం, ఆధార్ కార్డు పెట్టే కవర్లో పెట్టుకున్నాడు. మీరూ అలాంటిచోటే పెట్టండి, వెతకకుండా దొరుకుతుంది.